ఇత్తడి బిళ్ళ కింది గుర్తు

భూగోళాలు తయారయ్యే ఆ కార్ఖానా మూడవ అంతస్తులో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర, పెద్దక్క ఒక కాగితపు తొనను నీళ్ళ పళ్ళెంలో నుంచి రెండు వేళ్ళతో ఎత్తి, నీరు ఓడేదాకా గాలిలో పట్టుకుని, జిగురు పూసిన అట్టగోళం నడుముకు ఆనించింది. తొన అన్నది అక్కడి పనివారి మాట. అచ్చయిన ప్రపంచపటాన్ని నిలువుగా కోసిన ముక్క అది. నడుమ వెడల్పుగా ఉండి రెండు కొసలూ సూదిగా తేలుతుంది. అటువంటివి పన్నెండు, ఒకదాని అంచు మీద మరొకటి వెంట్రుకవాసి ఎక్కేలా అతికిస్తే ప్రపంచం పూర్తవుతుంది. తడిసిన కాగితం సాగుతుంది. సాగితేనే అది గోళపు వంపుకు లొంగుతుంది. ఆ తరవాత ఎముక బద్దతో నడుము నుంచి కొసలకు రుద్దుకుంటూ పోవాలి. బుడగ మిగలకూడదు, ముడత పడకూడదు, ఒక తొనలో మొదలైన నది పక్క తొనలో తెగకుండా పారాలి.

పొద్దుటి చలికి ఆమె వేళ్ళు వణికేవి. ఆ వణుకు కనపడకుండా మణికట్టును బల్ల అంచుకు ఆనించి పనిచేయడం ఈ మధ్య అలవాటు చేసుకుంది. చూసేవారు అదికూడా పనితనంలో భాగమే అనుకునేవారు. కొత్తగా చేరిన ఒకరిద్దరు అలాగే మణికట్టు ఆనించి చేయడం మొదలుపెట్టారు కూడా.

గోళం పూర్తయ్యాక అడుగున, తొనల కొసలన్నీ కలిసే చోట, చేసినామె పెన్సిలుతో తన గుర్తు వేస్తుంది. దాని మీద ఇత్తడి బిళ్ళ బిగిస్తారు. కొన్నవారికి ఆ గుర్తు కనపడదు. గోళం తప్పుతో తిరిగివస్తే మాత్రం బిళ్ళ ఊడదీసి చూస్తారు. పెద్దక్కది సున్నాలో చుక్క. పని నేర్చుకునేవారికి గుర్తు ఉండదు. వారు చేసినదాని మీద నేర్పినామె గుర్తే పడుతుంది. తప్పు ఆమెదే, పేరూ ఆమెదే, గోళానికి వచ్చే కూలీ ఆమెదే. నేర్చుకునే మనిషికి నెలకింతని ఏదో ముట్టజెబుతారు. ఏదో ఒకనాడు నేర్పినామె అందరూ వినేలా లేచి నిలబడి "దీని చెయ్యి తిరిగింది" అనాలి. ఆ మాట పడిన మనిషికి సొంత గుర్తు వస్తుంది. గుర్తున్న మనిషిని పనిలో నుంచి తీసేయాలంటే, ఆమె గుర్తున్న గోళాన్నే అందరి ముందూ పెట్టి తప్పు చూపించాలి. ఇది పోయిన పెద్దసారు పెట్టిన కట్టుబాటు. ఆయన కొడుకు చిన్నసారు దానిని మార్చలేదు. మార్చవలసిన అవసరం ఆయనకు అంతవరకు రాలేదు.

పెద్దక్క బల్లకు అవతలి పక్కన కూర్చునే మనిషి చేరి ఏడాది దాటింది. ఆమెను ఇంకా కొత్తామె అనే పిలుస్తున్నారు. తన దేశంలో యుద్ధం ముదిరినప్పుడు అత్తగారినీ కూతురినీ వెంటబెట్టుకుని సరిహద్దు దాటి వచ్చింది. పని ఉన్నంతకాలమే అటువంటివారిని ఆ ఊళ్ళో ఉండనిస్తారు. ఆమెది ఎడమచేతి వాటం. అందరూ ఎడమ నుంచి కుడికి తొనలు వేసుకుంటూ పోతే ఆమె కుడి నుంచి ఎడమకు వచ్చేది. మొదట్లో పెద్దక్క ఆ చేతి మీద బద్దతో రెండు మూడుసార్లు తట్టింది. తరవాత ఆ గోళాలను వెలుతురుకు పెట్టి తిప్పి చూసి, తట్టడం మానేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ పొద్దున చిన్నసారు చేతిలో ఒక కాగితాల కట్టతో మెట్లెక్కి వచ్చాడు.

"పెద్దక్కా, బడుల శాఖవాళ్ళకి పాత పటం వద్దట. యుద్ధం ఆగి ఆ దేశం రెండు ముక్కలైంది కదా, రెండూ కనబడాలంటున్నారు."

"మరి అచ్చేసిన తొనలన్నీ?"

"గదినిండా ఉన్నాయి. తగలెయ్యమంటావా? అందుకే ఇవి వేయించాను." కట్ట విప్పాడు. అరచేతిలో సగం లేని కాగితపు ముక్కలు. ఒక్కో దాని మీద రెండు రంగులు, రెండు కొత్త పేర్లు. "గోళం ఆరాక పాత దేశం మీద ఈ అతుకు వెయ్యాలి. అతికినట్టు తెలియకూడదు. పెద్ద గోళాలు నీ బల్ల మీదే కదా. నువ్వూ ఆమే చూసుకోండి."

మిగిలిన బల్లల మీద బొమ్మల దుకాణాలకు పోయే చిన్న గోళాలు తయారవుతున్నాయి. వాటి మీద దేశం పాతదైనా అడిగేవారు లేరు.

చిన్నసారు వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. "ఈ సరుకు సజావుగా పోయిందంటే, ఆ తలుపు పక్కన కుర్చీ వేయిస్తాను నీకు. నువ్వు చెయ్యక్కర్లేదు, చేసేవాళ్ళని చూస్తే చాలు. నెల జీతం."

పెద్దక్క తల మాత్రం ఊపింది. బల్ల కింద ఆమె కుడిచేతి వేళ్ళను ఎడమచేయి గట్టిగా పట్టుకుంది.

ఆయన మెట్లు దిగిన మరుక్షణం పక్కబల్ల నుంచి మిల్లు వదిన మెడ చాపింది. బట్టల మిల్లు మూతబడి ఊరుఊరంతా ఖాళీ అయినప్పుడు వచ్చిన మనిషి ఆమె. మగ్గాల హోరులో బతికినందువల్ల రహస్యం కూడా అరిచే చెబుతుంది.

"చూశారా విడ్డూరం! కొత్తామె దేశం మీద కొత్తామే మూత పెట్టాలిట. ఏమ్మా, చెయ్యి ఆడుతుందా నీకు?"

కొత్తామె అతుకును వెలుతురుకు ఎత్తి చూస్తోంది. "ఆడకపోవడానికేముంది వదినా?"

"మీ ఊరు ఎక్కడుందో చూపించు పోనీ, మూసేముందు."

"మా ఊరు దీనిమీద ఎప్పుడూ లేదు. అంత చిన్న ఊళ్ళు వెయ్యరు."

గది చివర వార్నిషు డబ్బాల మధ్య కూర్చున్న ముసలాయన బ్రష్షు ఆపకుండానే నవ్వాడు. ఆయనను వార్నిషు తాత అంటారు. ఉప్పెనలో పొలమూ ఇల్లూ పోగొట్టుకున్న తీరం ఆయనది. "మా ఊరు వేశారు తల్లీ, పెద్ద అక్షరాలతో. ఊరు మునిగి పాతికేళ్ళయింది. నేను ఇప్పటికీ రోజూ దానికి వార్నిషు పూస్తున్నా, తడి తగలకుండా!"

గదంతా నవ్వింది. పెద్దక్క నవ్వలేదు. "చేతులు ఆడించండి, నోళ్ళు తరవాత," అంది.

*

అతుకు పని మొదలైన రోజునే పెద్దక్క తన పద్ధతి చెప్పింది. తొనను ఎలా తడుపుతామో అతుకునూ అలాగే తడపాలి, కాసేపు నాననివ్వాలి, ఎత్తి నీరు ఓడనిచ్చి అతికించాలి. జీవితమంతా ఆ చేతులు నేర్చినది అదే. పొడి కాగితాన్ని గోళం మీద పెట్టడమన్న ఆలోచన వాటికి తెలియదు.

కొత్తామె విని తలూపింది. కాని చలికీ నీళ్ళకీ ఆమె వేళ్ళు పగిలి, గోళ్ళ పక్కన చర్మం చీరుకుపోయింది. పళ్ళెంలో ముంచినప్పుడల్లా పళ్ళు బిగబట్టేది. తొనలకు తప్పదు. చిన్న అతుకుకు కూడా ఎందుకని, పెద్దక్క చూడనప్పుడు దానిని ముంచకుండా వెనకవైపు పలచగా జిగురు రాసి, ఊది, అతికించేసేది. రెండవనాడు పెద్దక్క చూడనే చూసింది.

"ముంచలేదేం?"

"వేళ్ళు మండుతున్నాయక్కా."

"అందరి వేళ్ళూ మండుతాయి. మండుతుందని ఎవరైనా పొయ్యి ముట్టించడం మానేస్తారా? బద్ధకానికి పేర్లు పెట్టకు."

"బాగానే అంటుకుంటోంది కదా!"

"అంటుకుంటుంది ఇవాళ. ఎండకాలంలో లేస్తుంది. అప్పుడు బిళ్ళ కింద ఎవరి గుర్తుంటుంది? నీదా?"

కొత్తామె చేతిలోని అతుకును పళ్ళెంలో ముంచింది. ఆ పూట మిగిలిన అతుకులను పెద్దక్క చూస్తున్నంతసేపూ ముంచింది. చూడడం మానగానే మానేసింది. పెద్దక్కకు తన చేతిలో గోళం తప్ప మరొకరి చేతిని కనిపెట్టే తీరిక లేకపోయింది. అతుకు చిన్నది. చిన్నదానికే వేళ్ళు ఎక్కువ వణుకుతాయి. మణికట్టు ఆనించి, శ్వాస బిగబట్టి, తడి అతుకును దింపి, బద్దతో అంచులు ఒత్తి, గెలిచినట్టు వెనక్కి వాలేది.

కొత్త సరిహద్దులన్నీ సరిగ్గా పడ్డాయి. ఎక్కడా బుడగ లేదు. నానిన అతుకు నాలుగువైపులా వడ్లగింజ మందాన పెరిగి, ఆ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఒక చుక్కను తన కిందికి తీసుకున్నదని ఆమె గమనించలేదు. తొనలు సాగుతాయని తెలిసి, సాగే మేరకు తగ్గించి, చిన్నవిగా అచ్చు వేస్తారు. ఈ అతుకులు మాత్రం గోళం మీద సాగిన పటాన్ని కొలిచి అచ్చు వేసినవి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి కుర్చీ సంగతి చెల్లెలికి చెప్పింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే గదిలో ఉంటారు. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని దర్జీ దుకాణం చొక్కాలకు బొత్తాలు కుడుతోంది.

"చేతులున్న కుర్చీయా, లేనిదా?"

"అడగలేదు."

"అడగాల్సింది. చేతులుంటే పెత్తనం కింద లెక్క. లేకపోతే వట్టి కూర్చోబెట్టడం." దారం కొరికి, అక్క వైపు చూసింది. "నిజంగా ఇస్తాడంటావా? నిన్న నువ్వు గ్లాసు ఎత్తినప్పుడు చూశాను. సగం టీ సాసరే తాగింది."

"చూశావు కదా, ఊరుకో."

"ఊరుకున్నాను కాబట్టే నిన్న అడగలేదు. వచ్చే చలికాలం ఎలాగా అని మనసులో గుబులుగా ఉండేది. ఇక ఫరవాలేదు."

పెద్దక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవి ఇంట్లో కూడా ఒకదానినొకటి పట్టుకునే ఉన్నాయి.

*

సరుకులో మొదటి దఫా వెళ్ళిన వారం లోపలే కొన్ని గోళాలు తిరిగివచ్చాయి. చిన్నసారు వాటిని మోయించుకుని పైకి వచ్చి కిటికీ బల్ల మీద పెట్టించాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అది లేకపోవడమే గదిలో వారిని కంగారు పెట్టింది.

"ఇక్కడ ఒక దీవి ఉండాలి," అన్నాడు, అతుకు అంచున వేలు పెట్టి. "ఉందా?"

పెద్దక్క వంగి చూసింది. నీలం మీద ఏమీ లేదు.

"లేదు కదా. ఆ దీవి ఈ రెండు ముక్కల్లో దేనిదీ కాదు, పక్క దేశానిది. వాళ్ళ రాయబారి పిల్లాడు చదివే బడికి మన గోళం పోయిందట. మా దీవిని ఎవరు కలిపేసుకున్నారని ఆయన శాఖకి ఫోను. ఇంకో గోళం తీస్తే అందులో దీవి ఉంది. ఇంకొకదాంట్లో లేదు. ఒకే సరుకు, రెండు రకాల ప్రపంచం."

గది చివర నుంచి వార్నిషు తాత గొంతు వినిపించింది. "ఉప్పెనకి కూడా మా ఊరిని ముంచడానికి ఒక రాత్రి పట్టింది సారూ. మనవాళ్ళు బొటనవేలితో ముంచేశారు."

ఎవరూ నవ్వలేదు. చిన్నసారు జేబులో నుంచి స్క్రూడ్రైవరు తీసి, ఒక్కొక్క గోళాన్నీ తలకిందులు చేసి బిళ్ళలు ఊడదీశాడు. దీవి ఉన్నదాని కిందా సున్నాలో చుక్కే, లేనిదాని కిందా సున్నాలో చుక్కే.

"ఈ బల్ల మీద చేసేవాళ్ళు ఇద్దరే," అన్నాడు. "ఒకరు నాన్నగారి కాలం నుంచి చేస్తున్న మనిషి." కొత్తామె వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"నావి కాదు సార్."

"అన్నిటికీ ఒకటే గుర్తు. నీవి ఏవో, కానివి ఏవో ఎలా తెలియాలి నాకు?"

కొత్తామె ఎముక బద్దను బల్ల మీద పెట్టింది. పగిలిన వేళ్ళు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "పెద్దక్కను అడగండి. తనకు తెలుసు."

ఆ మాటలో ఆరోపణ లేదు. సమయం అడిగినప్పుడు గోడ గడియారం వైపు చూపించినట్టు చెప్పింది. గదిలో బద్దల చప్పుడు ఆగిపోయింది. పెద్దక్క ఒక గోళం మీద చేయి వేసింది. తొన మీద తొన ఎక్కిన చోట గోటితో ఎడమ నుంచి కుడికి గీరితే అంచు తగిలింది. అది తన చేతి వరస. కొత్తామె గోళాలలో అది కుడి నుంచి గీరితే తగులుతుంది. వార్నిషు కింద కంటికి కనపడదు, గోటికి తెలుస్తుంది. తగిలిన గోళం మీద దీవి లేదు. ఆమె చేయి రెండవ గోళం మీదికి పోలేదు.

"చూడాలి," అంది. "నిదానంగా చూసి చెప్తాను."

చిన్నసారు కొంచెం సేపు ఆమెనే చూశాడు. తరవాత స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, గోళాలను వార్నిషు డబ్బాల పక్కన పెట్టించాడు. "చూడటానికేముంది?" అని కొత్తామెతో, "శనివారం దాకా చెయ్యి. తరవాత రానక్కర్లేదు," అన్నాడు.

ఆయన వెళ్ళాక కొత్తామె తొనను నీళ్ళలో వేసింది. వేళ్ళు మునిగినప్పుడు పళ్ళు బిగబట్టింది.  సాయంత్రం లోపల ఒకసారి ఆమె లేచి, జిగురు గిన్నెను ఎప్పటిలాగే పెద్దక్క చేతికి అందేలా జరిపింది. ఆ అలవాటు కూడా మానకపోవడం పెద్దక్కకు తిట్టు తిన్నట్టనిపించింది.

చెప్పులు వేసుకునేచోట వార్నిషు తాత పెద్దక్క పక్కన నిలబడ్డాడు.

"ఏది ఎవరిదో నా బ్రష్షుకు తెలుసమ్మాయ్. నీ గోళాల్లో వార్నిషు ఒక పక్కకి ఆగుతుంది, ఆ పిల్ల గోళాల్లో ఇంకో పక్కకి."

"మరి చెప్పలేకపోయావా?"

"నన్ను ఎవరు అడిగారు? నిన్ను అడిగారు." ముసలాయన చెప్పు పట్టీ బిగించుకుని మెట్లు దిగిపోయాడు.

ఇంట్లో చెల్లెలు అంతా విన్నది. చొక్కా మడిచింది. "నువ్వు అబద్ధమేమీ చెప్పలేదుగా అక్కా. చూస్తానన్నావు, అంతే."

"అవును."

"ఆమెకి ఇంకెక్కడైనా దొరుకుతుందిలే. కుర్రది. చేతులు బాగున్నాయి."

"బాగులేవు. పగిలిపోయాయి," అంది పెద్దక్క.

 చెల్లెలు లేచి అక్కకు టీ ఇచ్చింది. గ్లాసులో కాక గిన్నెలో, రెండు చేతులతో పట్టుకోవడానికి వీలుగా. పెద్దక్క ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది.

*

మర్నాడు పని మొదలుకాకముందే ఆమె కింది అంతస్తులో చిన్నసారు గదికి వెళ్ళింది. బల్ల మీద గాలి ఊదిన ప్లాస్టిక్ భూగోళం ఒకటి ఉంది. ఎక్కడో దూరదేశంలో యంత్రం మీద ఒకే దెబ్బకు అచ్చయినది. అతుకు లేదు, అంచు లేదు.

"కూర్చో పెద్దక్కా."

ఆమె కూర్చోలేదు. "దీవి లేనివి నావి సార్. అతుకు నానబెట్టాను. నానితే పెరుగుతుందని తోచలేదు. ఆ అమ్మాయివి అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"తెలుసు."

పెద్దక్క తలెత్తింది.

"నాన్నగారి బల్ల కింద ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. గోరు పెట్టి చూడటం నాకు రాదనుకున్నావా? పైకి తేకముందే చూశాను."

"మరి?"

"మరేముంది? తప్పు చేసిన మనిషిని తీసేశామని శాఖవాళ్ళకి చెప్పాలి. చెప్తే సరుకు మళ్ళీ తీసుకుంటారు. నిన్ను తీసేస్తే నేర్పేదెవరు? పాత మనిషే ఇలా చేసిందంటే రేపు ఇంకో సరుకు ఇస్తారా? ఆమెని తీస్తే అడిగేవాళ్ళు లేరు, ఏడ్చేవాళ్ళు లేరు." ఆయన ప్లాస్టిక్ గోళాన్ని వేలితో తిప్పాడు. "పైన అంతమంది బతుకులు ఈ సరుకు మీద ఉన్నాయి. ఒక మనిషి దగ్గర తెగిపోతే మంచిదే కదా."

"నా తప్పని చెప్పండి. కుర్చీ వద్దు నాకు."

"వద్దంటే సరా? నీ చేతుల సంగతి నాకు తెలియదా?" ఆయన గొంతులో దయ ఉంది. "వెళ్ళు పెద్దక్కా. వచ్చి చెప్పావు, నీ మనసు తేలికపడింది. నీకు కావలసింది అదే కదా."

ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. మనసు తేలికపడిన మాట నిజమే. కిందికి దిగినప్పటికంటె ఇప్పుడు కాళ్ళు సులువుగా లేస్తున్నాయి. జరిగిన దానిలో మాత్రం ఏమీ మారలేదు. కొత్తామె శనివారం వెళ్ళిపోతుంది. తాను నిజం చెప్పానన్న తృప్తితో తలుపు పక్కన కూర్చుంటుంది. చిన్నసారు తనను తాను అనుకున్నదానికంటె బాగా ఎరుగునని ఆమెకు తెలిసింది. పై మెట్టు మీద గోడకు చేయి ఆనించి నిలబడి, తరవాత లోపలికి వెళ్ళింది.

అందరూ అప్పటికే బల్లల దగ్గర ఉన్నారు. కొత్తామె తొనలు వరస పెట్టుకుంటోంది. పెద్దక్క తన ముక్కాలిపీట పక్కకు జరిపింది కాని కూర్చోలేదు.

"దీని చెయ్యి తిరిగింది," అంది.

ఆ మాట ఆ గదిలో వినపడి చాలా కాలమైంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. కొత్తామె కూడా తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూసింది.

మిల్లు వదిన లేచి నిలబడింది. "ఎప్పుడు తిరిగిందక్కా? నిన్న సారు రావద్దన్నాకా?"

ఎద్దేవాగానే అడిగింది. కాని ఆ ప్రశ్నకు జవాబు చెబితే తప్ప ఆ మాట చెల్లదని గదిలో అందరికీ ఒక్కసారే తోచింది. నిన్ననే తిరిగిన చెయ్యి అయితే, అంతకుముందు వెళ్ళిన సరుకు విషయంలో అది ఆమెను కాపాడదు.

"పోయిన వానలకు ముందే తిరిగింది," అంది పెద్దక్క.

"అన్నాళ్ళూ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"దీని గోళాలకి నాకు కూలి వచ్చింది కనక. నా చేతులు తగ్గుతున్నాయి కనక." ఆమె తన కుడిచేతిని బల్ల అంచు నుంచి తీసి అందరూ చూసేలా గాలిలో పట్టుకుంది. అది వణికింది. అది వణకడం ఆ గదిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. "తాతా, ఆ తిరిగొచ్చిన గోళాలు ఇలా తెప్పించు."

వార్నిషు తాత తానే మోసుకొచ్చాడు. పెద్దక్క ఒక్కొక్క దాని మీదా గోరు నడిపి, ఎడమ నుంచి తగిలినవి తన వైపు, కుడి నుంచి తగిలినవి కొత్తామె వైపు పెట్టింది. మిల్లు వదిన వచ్చి తన గోటితో మళ్ళీ చూసింది. వెనక మరొకరు, మరొకరు. అందరి గోళ్ళూ అదే చెప్పాయి. తన వైపు వరసలో ఒక్కదాని మీద కూడా దీవి లేదు. కొత్తామె వైపు వరసలో దీవి లేనిది ఒక్కటీ లేదు.

బద్దల చప్పుడు ఆగడంతో చిన్నసారు పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి రెండు వరసలనూ చూశాడు.

"సారూ, కొత్తామెకు సొంత గుర్తు వచ్చింది," అంది మిల్లు వదిన, కింది వీధికి కూడా వినపడేంత గట్టిగా. "తీసెయ్యాలంటే ఆమె గోళాల్లో తప్పు మా ముందు చూపించాలి. పెద్దసారు మాట. ఇవిగో ఆమె గోళాలు. చూపించండి."

చిన్నసారు నవ్వబోయాడు. గదిలో ఎవరూ తిరిగి నవ్వడానికి సిద్ధంగా లేరు. ఆయన కళ్ళు తలుపు పక్కనున్న ఖాళీ స్థలం మీద ఒకసారి వాలి, పెద్దక్క మీదికి వచ్చాయి. "పాడైనవన్నీ ఊడదీసి మళ్ళీ వెయ్యాలి," అన్నాడు. "శాఖవాళ్ళతో నీ పేరే చెప్తాను."

"చెప్పండి."

"కుర్చీ సంగతి తరవాత చూద్దాం."

తరవాత అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆయన మెట్లు దిగాడు. బద్దలు మళ్ళీ కదిలాయి. మిల్లు వదిన పెద్దక్క వైపు చూసి ఏదో అనబోయి, అనకుండా కూర్చుంది. ఆమె జీవితంలో అది చాలా అరుదుగా జరిగే పని.

పెద్దక్క మొదటి గోళం అతుకు మీది వార్నిషును గీకి, తడిగుడ్డ పరచింది. జిగురు మెత్తబడ్డాక మూల పట్టుకుని లాగింది. కొత్త పేర్లు రెండూ చేతిలోకి వచ్చాయి. కింద పాత దేశం పూర్తిగా కనిపించింది. దాని పక్కన, నీలంలో, గసగసాల గింజంత దీవి.

ఆమె కొత్త అతుకును అందుకుంది. చేయి పళ్ళెం దాకా పోయి ఆగింది. కొత్తామె చూస్తోంది. పెద్దక్క అతుకును ముంచకుండా వెనక జిగురు రాసి, ఊది, అతికించింది. దీవి మిగిలింది. ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఆమె ఎదురుచూసింది. మెప్పు కోసం కాకపోయినా, కనీసం ఒక మాట కోసం.

కొత్తామె లేచి గోదాములోకి వెళ్ళింది. తిరిగివచ్చినప్పుడు ఆమె రెండు చంకల్లోనూ గోళాలు ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. వానలకు ముందూ తరవాతా చేసిన పెద్ద గోళాలు, ఇంకా అమ్ముడుపోనివి. బల్ల నిండాక కింద పేర్చింది. తరవాత వార్నిషు తాత దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, మొదటి గోళాన్ని తలకిందులు చేసి బిళ్ళ ఊడదీసింది. సున్నాలో చుక్క బయటపడింది.

"ఇవీ నావే," అంది.

పెద్దక్క గోరు పెట్టి చూడలేదు. "నీవే."

"అయితే తుడవండి."

"అమ్ముడుపోయినవి చాలా ఉన్నాయమ్మా. వాటికి ఏం చెయ్యగలను?"

"వాటి సంగతి తరవాత మాట్లాడదాం. మాట్లాడకుండా వదిలెయ్యను." కొత్తామె రబ్బరు తీసి ఆమె ముందు పెట్టింది. కృతజ్ఞత కాని కోపం కాని ఆ గొంతులో లేదు. తన వాటా నీళ్ళ కోసం కుళాయి దగ్గర నిలబడిన మనిషి గొంతు అది. "ముందు ఇవి."

క్షమాపణ అడగాలని పెద్దక్క మెట్ల మీద అనుకుంది. ఆ మాట ఇప్పుడు నోటిదాకా వచ్చి, రబ్బరు ముక్క ముందు చిన్నదైపోయింది. ఆమె రబ్బరు తీసుకుంది. మణికట్టు ఆనించడానికి బల్ల అంచు ఖాళీ లేదు, అంతటా గోళాలే. చేయి వణికి రబ్బరు గుర్తు పక్కకు జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది.

కొత్తామె రెండు చేతులతో గోళాన్ని కదలకుండా పట్టుకుంది. పెద్దక్క చేతిని పట్టుకోలేదు. సున్నా మొదట మసకబారి, తరవాత ముక్కలై, చివరికి చుక్కతో సహా పోయింది. కొత్తామె పొడిని ఊది, పెన్సిలు ఎడమచేతిలోకి తీసుకుని, కాస్త ఆలోచించి, ఒక పక్కకు వాలిన చిన్న గీత గీసింది. బిళ్ళ బిగించింది. గోళాన్ని కిటికీ వైపు నిలబెట్టింది.

"ఊ, తరవాతది," అంది.